కొలంబస్ అవెన్యూ మూలన ఎగిరే పుస్తకాలు: ఒక బోర్డులు రాసేవాడి మాట

అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బే ఏరియాలో ఉండే మన పిల్లలు, ఇండియా నుంచి అమ్మానాన్నలు దిగగానే ముందు గోల్డెన్ గేట్ వంతెనకి తీసుకెళ్తారు. తర్వాత మెలికలు తిరిగే లొంబార్డ్ వీధి, ఆ తర్వాత పియర్ 39 దగ్గర నీటి సింహాలు. అక్కడితో శాన్‌ఫ్రాన్సిస్కో అయిపోయిందనుకుని ఇంటికి తిరుగుతారు. ఈ మూడూ చూడండి, వద్దనను. కానీ లొంబార్డ్ వీధి దాకా వెళ్ళినవాళ్ళు ఇంకొంచెం ముందుకెళ్ళి కొలంబస్ అవెన్యూ, బ్రాడ్‌వే కలిసే మూలకి కూడా వెళ్ళండి. అక్కడ తలెత్తితే 23 తెల్లటి పుస్తకాలు అట్టలు విప్పుకుని గాల్లో ఎగురుతుంటాయి. చీకటి పడ్డాక లోపలి నుంచి వెలుగుతాయి. ఈ శిల్పం పేరు ‘లాంగ్వేజ్ ఆఫ్ ది బర్డ్స్’, అంటే పక్షుల భాష. బ్రయాన్ గాగిన్, డోర్కా కీన్ అనే ఇద్దరు కళాకారులు 2008లో చేసి పెట్టారు. టికెట్ లేదు, గేటు లేదు, వేళలూ లేవు. నడిచిపోయే మనిషి ఎవరైనా చూడొచ్చు.

నేను గుంటూరులో బోర్డులు రాసి బతికినవాణ్ని. మొదట రేకు మీద ఎనామిల్ పెయింటుతో చేతి రాత. తర్వాత యాక్రిలిక్ షీటు వెనక ట్యూబులైట్లు పెట్టి గ్లో సైన్ బోర్డులు. ఆ తర్వాత ఫ్లెక్సీ వచ్చి చేతి రాతని మింగేసింది. ఆఖర్న ఎల్ఈడీలు వచ్చాయి. పగలు బట్టల కొట్లకీ మందుల షాపులకీ రాసినా, సాయంత్రాలు సాహిత్య సభలకి గుడ్డ బ్యానర్లు రాయడమంటే నాకు ప్రాణం. డబ్బులు పెద్దగా వచ్చేవి కావు. అయినా ఒక పద్యపాదం గుడ్డ మీద పెద్ద అక్షరాల్లో రాసి, కరెంటు స్తంభాల మధ్య కట్టి, కింద నిలబడి జనం చదువుతుంటే చూడటం వేరే ఆనందం. అందుకే కవిత్వానికీ, రాతకీ వెలుగుతో కట్టిన ఈ పని చూసినప్పుడు నా వృత్తి కళ్ళతోనే చూశాను. ఈ సమీక్ష కూడా అలాగే ఉంటుంది.

ముందు పని సంగతి చెప్తాను.

పుస్తకాలు పాలికార్బొనేట్‌తో చేశారు. మా పనిలో ఎక్కువగా వాడింది యాక్రిలిక్. యాక్రిలిక్‌కి మెరుపు బాగుంటుంది, ఎండకి అంత తొందరగా రంగు మారదు, కానీ దెబ్బ తగిలితే పగులుతుంది. పాలికార్బొనేట్ దెబ్బకి తట్టుకుంటుంది. పైపూత లేకపోతే మాత్రం ఎండలోని అతినీలలోహిత కిరణాలకి పచ్చబడుతుంది. నాలుగు రోడ్ల మూలన, జనం తలల మీద, సముద్రపు గాలి కొట్టే ఊళ్ళో వేలాడదీయాలంటే పగలని సరుకే కావాలి. సరైన సరుకే ఎంచుకున్నారు. పుస్తకాల్ని ఉక్కు తీగలతో స్తంభాల మధ్య కట్టారు. తీగలు సన్నగా ఉండటంతో కాస్త దూరం నుంచి చూస్తే కంటికి ఆనవు, పుస్తకాలు ఒక్కటే కనపడతాయి.

అన్నిటికన్నా నన్ను ఆపేసింది వాటి వాటం. ఏ రెండు పుస్తకాలూ ఒక్కలా లేవు. ఒకటి అట్టలు రెండూ పైకెత్తి ఉంటుంది, ఒకటి పూర్తిగా విప్పి చాచి ఉంటుంది, ఒకటి కిందికి వాల్చి ఉంటుంది. పక్షి ఒక్కసారి రెక్క ఆడించేటప్పుడు ఎన్ని భంగిమలు వస్తాయో అన్నీ ఆ గుంపులో పంచేశారు. మా వైపు పొలం దమ్ము చేస్తున్నప్పుడు ట్రాక్టర్ వెనక వాలిన కొంగలు ఒక్కసారిగా లేస్తాయి చూడండి, ఆ క్షణం ఇక్కడ ఆగిపోయి ఉంది. అచ్చులో పోసినట్టు అన్నీ ఒకే రకంగా చేసుంటే పని సగానికి సగం తేలికయ్యేది, ఖర్చూ తగ్గేది. అలా చేయలేదు. ఆ కష్టం ఎంతో పని తెలిసినవాడికి అర్థమవుతుంది.

ఇక వెలుగు. లోపల ఎల్ఈడీలు, సౌరశక్తితో నడిచే ఏర్పాటు. 2008 అంటే గుంటూరులో మేమింకా గ్లో సైన్ బోర్డులో ట్యూబులైట్, చోక్, స్టార్టర్ బిగిస్తున్న కాలం. ఎల్ఈడీతో బోర్డు కట్టేటప్పుడు వచ్చే మొదటి తలనొప్పి చుక్కలు కనపడటం. లైటుకీ షీటుకీ మధ్య తగినంత ఎడం లేకపోతే ముందు నుంచి చూసేవాడికి ఒక్కో లైటూ ఒక్కో చుక్కలా తెలిసిపోతుంది, బోర్డు అందమంతా పోతుంది. ఎడం పెంచితే బోర్డు మందం పెరుగుతుంది. పుస్తకమంటే మరి పలచటి పుటలు కదా, అక్కడ ఎడం ఎక్కణ్నుంచి తెస్తారు? దీన్ని వాళ్ళు సాధించిన తీరు నాకు చాలా నచ్చింది. కింద నిలబడి చూస్తే వెలుగు ఎక్కడ పుట్టిందో తెలియదు. పుటల గుండా పాకి, అంచుల దగ్గర పలచబడి బయటికి వస్తుంది. పైగా వెలుగు నిశ్చలంగా ఉండదు. ఒకసారి మెల్లగా పెరిగి తగ్గుతుంది, ఒకసారి ఒక పుస్తకం నుంచి ఇంకో పుస్తకానికి పాకుతుంది. అప్పుడు గుంపు కదిలినట్టే అనిపిస్తుంది. పెళ్ళిళ్ళకి కట్టే సీరియల్ లైట్లలో ఉండే పరుగు దీనిలో లేదు. తొందర లేని వెలుగు.

చుట్టూ ఏముందో చెప్తేనే ఈ తెలుపు విలువ తెలుస్తుంది. బ్రాడ్‌వే ఆ ముక్కంతా రాత్రి క్లబ్బుల వీధి. ఎదురుగా కాండోర్ క్లబ్ బోర్డు, పక్కన ఇంకా బోర్డులు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ, అన్నీ నన్ను చూడు నన్ను చూడు అని అరుస్తుంటాయి. మలుపులో ట్రాఫిక్ లైట్లు, బస్సుల హెడ్‌లైట్లు. అలాంటి చోట గెలవాలంటే ఇంకా గట్టిగా, ఇంకా రంగులతో వెలిగించాలనే ఎవరికైనా తోస్తుంది. మా దగ్గరికొచ్చే షాపువాళ్ళు కూడా ‘పక్కవాడి బోర్డు కంటే నాది ఎక్కువ వెలగాలి’ అనే అడిగేవాళ్ళు. ఇక్కడ తెలుపు ఒక్కటే పెట్టి, అదీ తగ్గించి పెట్టారు. రంగులన్నీ తిరిగొచ్చిన కన్ను చివరికి ఆ తెలుపు మీదే నిలుస్తుంది. ఇది చాలా ధైర్యమైన నిర్ణయం. ఏళ్ళ తరబడి వ్యాపారం చేసినా, ఏ షాపు యజమానినీ నేను దీనికి ఒప్పించలేకపోయేవాణ్ని.

ఇప్పుడు తల దించండి. సగం పని నేల మీదుంది.

పుస్తకాలు ఎగిరిపోతుంటే వాటి పుటల్లోంచి మాటలు రాలిపోయాయన్నది వీళ్ళ ఊహ. అందుకే పైన పుటల మీద చదవడానికేమీ కనపడదు. రాలిన మాటలన్నీ కింద నేలలో పొదిగి ఉన్నాయి. ఇంగ్లిషు, ఇటాలియన్, చైనీస్, మూడు భాషల్లో. ఈ పేటతో సంబంధమున్న 90 మందికి పైగా రచయితల రాతల్లోంచి ఏరిన మాటలవి. ఆ మూడు భాషలే ఎందుకంటే, ఆ మూల సరిగ్గా మూడు ప్రపంచాల సరిహద్దు. ఒక పక్క నార్త్ బీచ్, ఇటలీ నుంచి వలస వచ్చినవాళ్ళ పేట. ఇంకో పక్క చైనాటౌన్. మధ్యలో 1950ల్లో కట్టుబాట్లని కాదని రాసిన బీట్ కవులు తిరిగిన వీధులు, పుస్తకాల కొట్టు, కాఫీ హోటళ్ళు. ఎక్కడి మాటలు అక్కడే రాలాయి. ఇదే పని తీసుకెళ్ళి ఏ షాపింగ్ మాల్‌లోనో వేలాడదీస్తే అందంగా ఉంటుందేమో గానీ, దానికి అర్థం ఉండదు.

మాటలు వరసలో ఉండవు. ఒకటి అడ్డంగా, ఒకటి వాలుగా, ఒకటి తలకిందులుగా. మా మనవడు ఒక మాట దగ్గర నుంచి ఇంకో మాట దగ్గరికి గెంతుతూ గట్టిగా చదువుతుంటే, దారిన పోయే ఒకాయన ఆగి వాడికి తెలియని ఇటాలియన్ మాట పలికి చూపించి వెళ్ళాడు. నాకు ఇటాలియన్ రాదు, చైనీస్ రాదు. అయినా చైనీస్ అక్షరాల దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డాను. కుంచె ఎక్కడ మొదలై, ఎక్కడ ఒత్తి, ఎక్కడ తేలిపోయిందో గీతలోనే రాసి ఉంటుంది. చేత్తో రాసినవాడికి భాష రాకపోయినా చెయ్యి కదిలిన దారి తెలుస్తుంది. రాళ్ళ మధ్య ఆ గీత చెడకుండా దించిన పనివాళ్ళకి నా నమస్కారం.

ఇక్కడ నాకొక ఇబ్బంది ఉంది, దాచుకోకుండా చెప్తాను. అక్షరం కాలికి తగలడం మనకి ఒప్పదు. కాగితం ముక్క కాలికి తగిలినా కళ్ళకద్దుకుంటాం. అది సరస్వతి అని చిన్నప్పుడే నేర్పారు. ఇక్కడ కవుల మాటల మీద నుంచి చెప్పులూ బూట్లూ సైకిళ్ళూ పోతూనే ఉంటాయి. నేను ఆ చోటంతా మాటల పక్కన పక్కన అడుగులేస్తూ తిరిగాను. మా అమ్మాయి, ‘నాన్నా, వీళ్ళకి ఇది అగౌరవం కాదు, రోజూ నడిచే దారిలో కవిత్వం ఉండాలని పెట్టారు’ అంది. ఆ మాటా నిజమే. పుస్తకం జన్మలో తెరవని మనిషి కూడా సిగ్నల్ కోసం నిలబడి, కిందికి చూసి, ఒక మాట చదువుకుని పోతాడు. ఇదంతా అర్థమైనా నా కాలు ఒప్పుకోలేదు. మీ పెద్దవాళ్ళని తీసుకెళ్తే వాళ్ళకీ ఇలాగే అనిపించొచ్చు. ముందే చెప్పి తీసుకెళ్ళండి.

అసలు లోపం వేరే ఉంది. వెలుగంతా పైన ఉంది, అక్షరాలన్నీ కింద ఉన్నాయి. చీకటి పడ్డాక పుస్తకాలు ఎంత బాగా వెలుగుతాయో, నేల మీది మాటలు అంత మసకబారిపోతాయి. పగలు మాటలు హాయిగా చదవొచ్చు, కానీ అప్పుడు పైన పుస్తకాలు ఆకాశపు తెలుపులో కలిసిపోయి పాలిపోయినట్టుంటాయి. రాత కోసం కట్టిన వెలుగు ఆ రాత మీద పడదు. బోర్డులు కట్టేవాడిగా నాకు ఇది చిన్న విషయం కాదు. వెలుగు ఉన్నదే అక్షరం చదివించడానికని మా పని నేర్పిన గురువు గారు చెప్పేవారు. నేలలోనే అక్కడక్కడ చిన్న లైట్లు దింపి, మాటల అంచుల్ని తాకేలా పక్క నుంచి వెలుగు వేసి ఉంటే ఎంత బాగుండేది! పక్క నుంచి పడే వెలుగులో నేల మీది అక్షరం బాగా లేచి కనపడుతుంది. నీళ్ళు దిగడం, బండ్ల బరువు, మరమ్మతులు, ఇవన్నీ ఉంటాయని నాకు తెలుసు. ఎల్ఈడీ బోర్డులో ముందు పోయేది లైటు కాదు, దానికి కరెంటిచ్చే డబ్బా. నేలలో పెడితే అది ఇంకా తొందరగా పోతుంది. అయినా ఈ ఒక్కటీ చేసుంటే దీనికి వంక పెట్టేవాణ్ని కాదు.

అందుకే నా సలహా: సందె వేళకి వెళ్ళండి. సూర్యుడు దిగాక పూర్తిగా చీకటి పడేలోగా కొంచెంసేపు రెండూ ఉంటాయి. కింద మాటలు ఇంకా చదవొచ్చు, పైన పుస్తకాల్లో అప్పుడే వెలుగు వస్తుంటుంది. ఆ సమయంలో మాత్రమే ఇది సంపూర్ణమైన పని. మిగతా వేళల్లో సగం సగం.

అక్కడి దాకా వెళ్ళి రోడ్డుకి అవతలున్న సిటీ లైట్స్ పుస్తకాల షాపులోకి వెళ్ళకుండా రావద్దు. ఆ షాపు లేకపోతే ఈ పుస్తకాలు ఈ మూలన ఎగిరేవి కావు. 1953లో లారెన్స్ ఫెర్లింగెట్టి, పీటర్ మార్టిన్ కలిసి పెట్టారు. అప్పట్లో పేపర్‌బ్యాక్ పుస్తకాలు మాత్రమే అమ్మే షాపు, అంటే చేతిలో పెద్దగా డబ్బులేని మనిషి కోసం పెట్టిన షాపు. ఫెర్లింగెట్టి కవి, ప్రచురణకర్త కూడా. 1956లో బీట్ కవి అలెన్ గిన్స్‌బర్గ్ కవితల పుస్తకం ‘హౌల్’ అచ్చు వేస్తే, అది అశ్లీలమని కేసు పెట్టారు. ఫెర్లింగెట్టినీ, షాపు చూసుకునే షిగ్ మురావోనీ అరెస్టు చేశారు. 1957లో జడ్జి క్లేటన్ హార్న్ ఆ పుస్తకం అశ్లీలం కాదని తీర్పిచ్చాడు. కవిత్వం అమ్మినందుకు జైలు ముఖం చూసిన షాపు ఎదురుగా పుస్తకాలు స్వేచ్ఛగా ఎగురుతున్నాయంటే ఆ చోటు బలం మీకే తెలుస్తుంది. ఫెర్లింగెట్టి 2021లో 101 ఏళ్ళ వయసులో పోయారు.

షాపు లోపల నాకు ఇంకో ఆనందం దొరికింది. గోడల మీద చేత్తో రాసిన బోర్డులున్నాయి. ఫెర్లింగెట్టి స్వయంగా కుంచె పట్టి రాసినవి. ఆయన బొమ్మలు కూడా వేసేవారు. అక్షరాలు కొలత పెట్టి గీసినవి కావు, ఒక్కోటి ఒక్కో ఎత్తు, కానీ చదవమని పిలుస్తాయి. షాపు యజమాని తన బోర్డు తనే రాసుకోవడం, అదీ ఇంత ప్రేమగా రాసుకోవడం నేనింకెక్కడా చూడలేదు. పై అంతస్తులో కవిత్వానికని ప్రత్యేకంగా ఒక గది ఉంది. అక్కడ ‘కవి కుర్చీ’ అని ఒక ఊగే కుర్చీ. కూర్చుని చదువుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. మోకాళ్ళ నొప్పులున్న మాలాంటివాళ్ళకి ఆ కుర్చీ పెద్ద ఉపకారం.

న్యూయార్క్‌లో దీనికి సరిగ్గా ఎదురుగా నిలబెట్టాల్సిన పని ఒకటి చూశాను. న్యూజెర్సీలో మా చెల్లెలి కొడుకు దగ్గరికి వెళ్ళినప్పుడు న్యూజెర్సీ నుంచి న్యూయార్క్ వెళ్ళే పాత్ అనే రైల్లో తీసుకెళ్ళి చూపించాడు. 7 వరల్డ్ ట్రేడ్ సెంటర్ అనే భవనం కింది హాల్లో జెన్నీ హోల్జర్ అనే కళాకారిణి చేసిన వెలుగు గోడ అది. పాత భవనం 2001 సెప్టెంబర్ 11న కూలిపోయింది, కొత్తది 2006లో తెరిచారు. 65 అడుగుల పొడవు, 14 అడుగుల ఎత్తు గాజు గోడ. దాని లోపల తెల్లటి అక్షరాలు ఒక చివర నుంచి ఇంకో చివరికి నడుస్తూ పోతుంటాయి. వాల్ట్ విట్మన్, లాంగ్‌స్టన్ హ్యూస్, ఎలిజబెత్ బిషప్ లాంటి కవులు న్యూయార్క్ గురించి రాసినవి. అలెన్ గిన్స్‌బర్గ్ కూడా ఉన్నాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో కేసు పడ్డ పుస్తకం రాసిన కవి న్యూయార్క్‌లో ఆఫీసు గోడ మీద వెలుగుతున్నాడు.

అక్కడ వెలుగే అక్షరం. శాన్‌ఫ్రాన్సిస్కోలో నేను వెతుక్కున్నది అక్కడ దొరికింది. చీకటి పడేకొద్దీ ఇంకా బాగా చదవొచ్చు. వేగం కూడా సరిగ్గా కుదిరింది. నడిచే అక్షరాల బోర్డు కట్టేటప్పుడు వేగం పెద్ద సమస్య. బ్యాంకు వాళ్ళు, గుడి వాళ్ళు ఎక్కువ సమాచారం తొందరగా తిరగాలని అడుగుతారు, చదివేవాడి కన్ను అందుకోలేదు. హోల్జర్ గోడ మీద ఒక మాట చదివి, దాన్ని మనసులో పెట్టుకుని, తర్వాతి మాట అందుకునే తీరిక ఉంది. అయితే అది ఆఫీసు భవనం. వీధిలో నిలబడి అద్దంలోంచి చూడాలి. మనది కాని ఇంట్లోకి తొంగిచూస్తున్నామన్న బెరుకు ఉంటుంది. కొలంబస్ అవెన్యూ మూలన ఆ బెరుకు లేదు. నాకైతే ఆ విషయంలో శాన్‌ఫ్రాన్సిస్కోదే పైచేయి.

ఆ గోడ ముందు నిలబడి నేను తెలుగు గురించే ఆలోచించాను. ఎర్ర చుక్కల్లో అక్షరాలు నడిచే బోర్డులు నేనూ కట్టాను. చాలా వాటిలో ఎత్తుకి 16 చుక్కలే ఉంటాయి. ఇంగ్లిషు పెద్ద అక్షరం ఏడెనిమిది చుక్కల్లో ఇమిడిపోతుంది. తెలుగుకి చాలదు. పైన తలకట్టు, గుడి, ఏత్వం, మధ్యలో అక్షరం, కింద ఒత్తు. ‘లక్ష్మి’ అని రాయాలంటే క కింద ష, దాని వెంట మ, రెండు ఒత్తులు. 16 చుక్కల్లో ఒత్తు నుజ్జయి ఏదో మచ్చలా కనపడేది. లక్ష్మీ పేరుతో బట్టల కొట్లు ఎన్నున్నాయో మీకు తెలుసు. వాళ్ళందరికీ నేను చెప్పింది ఒక్కటే, ఎత్తు పెంచండి లేకపోతే చేత్తో రాయించుకోండి అని. చాలామంది ఇంగ్లిషులో వేయించుకుని వెళ్ళిపోయేవాళ్ళు. తెలుగు వెలుగులో కనపడకపోవడానికి ఇదొక కారణం. మన లిపికి చోటు కావాలి. హోల్జర్ గోడకున్న 14 అడుగుల ఎత్తు చూశాక, ఇలాంటి దాని మీద మన అక్షరం నిండుగా, ఒత్తులతో సహా నడిస్తే ఎలా ఉంటుందో కళ్ళకి కట్టింది.

కవుల్ని గౌరవించడం మనకి తెలియని పని కాదు. ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద వేమన, మొల్ల, జాషువా, శ్రీశ్రీ లాంటివాళ్ళ విగ్రహాలు వరసగా నిలిపారు. విశాఖ బీచ్ రోడ్డులోనూ కవుల విగ్రహాలున్నాయి. దండలు వేస్తాం, ఫొటో దిగుతాం. ఆ కవి రాసిన పద్యం మాత్రం ఆ దారిన నడిచేవాడి కంట పడటం తక్కువ. కొలంబస్ అవెన్యూ మూలన ఒక్క కవి ముఖం కూడా లేదు. ఉన్నదంతా పుస్తకం, మాట. ఇది చూశాక నాకు మన దగ్గర కూడా ఒక్కచోటైనా ఇలాంటిది ఉండాలని గట్టిగా అనిపించింది. వినుకొండలో పుట్టి గుంటూరులో కన్నుమూసిన జాషువా, గుడిలోకి రానివ్వని మనిషి బాధని ఒక గబ్బిలంతో కాశీలోని శివుడికి కబురు పంపించారు. ఎగిరే జీవి, దాని నోట పద్యం, మనకి ఇంతకన్నా ఏం కావాలి? ఆ పద్యాల్లోని మాటలు గుంటూరులో ఏదో ఒక కూడలిలో వెలుగుతుంటే చూడాలని నా కోరిక. నేల మీద కాదు, గోడ మీదో గాల్లోనో, కాళ్ళకి అందనంత ఎత్తులో. అక్షరాలు కంప్యూటర్ ఫాంటులో కాకుండా చేత్తో రాయించి దించాలి. రాసే చేతులు ఊళ్ళో ఇంకా ఉన్నాయి.

ఇలాంటివి ఎన్నాళ్ళుంటాయన్నది కూడా చూడాలి. టొరంటోలో 2016లో లుజింటెరప్టస్ అనే స్పెయిన్ బృందం 10,000 పుస్తకాల్లో చిన్న చిన్న లైట్లు పెట్టి ఒక వీధినే నింపేసింది. అది ఒక్క రాత్రి పని, చివర్లో జనం పుస్తకాలు ఇంటికి తీసుకెళ్ళారు. గాగిన్ 1997లో ఇదే శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక పాడుబడ్డ భవనం కిటికీల్లోంచి కుర్చీలూ సోఫాలూ బయటికి దూకుతున్నట్టు బిగించి ఒక పని చేశాడు. 2014లో దాన్ని తీసేశారు. పుస్తకాల గుంపు మాత్రం ఊరి సొంత ఆస్తిగా, శాశ్వతంగా ఉండాలని పెట్టింది. వీధిలో ఎండకీ గాలికీ ఉండే వెలుగు పని శాశ్వతంగా ఉండటమంటే పెట్టినవాళ్ళు ఎప్పటికీ చూసుకుంటూ ఉండటమే. తుడవాలి, తీగలు బిగించాలి, పోయిన లైటు మార్చాలి. ఒక్క పుస్తకం ఆరిపోయినా గుంపులో ఖాళీ తెలుస్తుంది.

వెళ్ళే దారి చెప్తాను. కారులో వద్దు, పార్కింగ్ దొరకడం కష్టం, దొరికినా ఖరీదు. ఫ్రీమాంట్ వైపు నుంచి వచ్చేవాళ్ళు బార్ట్ రైల్లో పావెల్ స్టేషన్‌కి వచ్చి, భూమి లోపలే నడిచి, టి లైన్ రైలు ఎక్కితే ఒక్క స్టాప్‌లో చైనాటౌన్–రోజ్ ప్యాక్ స్టేషన్. సన్నీవేల్, మౌంటెన్ వ్యూ వాళ్ళు కాల్‌ట్రెయిన్ అనే రైల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగి అక్కడే టి లైన్ ఎక్కొచ్చు. స్టేషన్ నుంచి గ్రాంట్ అవెన్యూ మీదుగా నడిచి, బీట్ రచయిత పేరు పెట్టిన జాక్ కెరువాక్ ఆలీ అనే సందులోంచి బయటపడండి. ఆ సందులో కూడా నేల మీద చైనా కవుల మాటలు, ఇక్కడి రచయితల మాటలు పలకల్లో చెక్కి ఉన్నాయి. సందు దాటగానే పక్కన సిటీ లైట్స్, ఎదురుగా రోడ్డు అవతల పుస్తకాల గుంపు. దారి కొంచెం ఎత్తుపల్లాలుగా ఉంటుంది, పెద్దవాళ్ళు మెల్లగా నడవాలి. ఎండాకాలమైనా సాయంత్రానికి చలిగాలి కొడుతుంది, స్వెట్టర్ తప్పకుండా తీసుకెళ్ళండి. పైకి చూస్తూ రోడ్డు మీదికి దిగొద్దు, అది గట్టి ట్రాఫిక్ ఉన్న కూడలి. పిల్లల చెయ్యి పట్టుకోండి.

ఐదుకి నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటీ నేల మీది చీకటికి. పుస్తకాల భంగిమలకీ, చుక్క కనపడని వెలుగుకీ, తెలుపు ఒక్కటే పెట్టిన ధైర్యానికీ, ఎంచుకున్న చోటుకీ మాత్రం పూర్తి మార్కులు. ఈసారి మీ అమ్మానాన్నలు వచ్చినప్పుడు, ముఖ్యంగా వాళ్ళలో ఎవరైనా బడిలో తెలుగు చెప్పినవాళ్ళో, పద్యాలు పాడేవాళ్ళో, ప్రెస్సులో పనిచేసినవాళ్ళో ఉంటే, నీటి సింహాల దగ్గర ఒక గంట తగ్గించి ఇక్కడికి తీసుకెళ్ళండి.